విల్లాన్‌కి వెళ్తే బస ఎక్కడ: పేచ్‌లోనా, ఊళ్లోనేనా?

హంగరీ దక్షిణపు కొసన, క్రొయేషియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న విల్లాన్ కొండలకి ఎండ బాగా తగులుతుంది. అందుకే అక్కడ రెడ్ వైన్‌దే రాజ్యం, ముఖ్యంగా కాబర్నే ఫ్రాంక్ అనే ద్రాక్ష రకంతో చేసేదానిది.

చరిత్ర కోసమైతే దగ్గర్లోని నగరం పేచ్‌లోనే ఉండండి. రోమన్ల కాలంలో ఇది సోపియానే. అప్పటి తొలి క్రైస్తవ సమాధి గదులను 2000లో యునెస్కో గుర్తించింది. నగరం నడిబొడ్డున టర్కుల పాలనలో కట్టిన కాశిం పాషా మసీదు ఉంది, ఇప్పుడది చర్చి. గుమ్మటం మీద నెలవంక, శిలువ రెండూ కనిపిస్తాయి. లోపల గోడలో నమాజు దిక్కు చూపే మిహ్రాబ్ ఇంకా చెక్కుచెదరలేదు. ఒక పాలన మీద మరో పాలన వచ్చినా పాతది పూర్తిగా చెరిగిపోలేదు. నన్ను బాగా కదిలించేది ఇదే.

విల్లాన్‌లో చూడాల్సినవి తక్కువే, కానీ సాయంత్రాలు చాలా బాగుంటాయి. వరసగా కట్టిన వైన్ సెల్లార్ల ముందు కూర్చుంటే చాలు. 1687లో టర్కులు ఓడిపోయాక జర్మన్ రైతులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాళ్లలో చాలామందిని వెళ్లగొట్టారు. ఫిలాక్సెరా పురుగు ఐరోపా ద్రాక్షతోటల్ని తినేసినప్పుడు దాన్ని తట్టుకునే, తీగల్ని అంటుకట్టడానికి పనికొచ్చే వేరుమొక్కల్ని ఈ ప్రాంతంలోనే తయారుచేసినవాడు జిగ్మండ్ టెలెకి.

నా ఓటు పేచ్‌కే. కారులో తిరిగేవాళ్లు మాత్రం ఒక రాత్రి విల్లాన్‌లో ఉండాల్సిందే. ఎందుకంటే హంగరీలో ఒక్క చుక్క తాగినా డ్రైవింగ్ నేరమే.