లాగ్‌లన్నీ ఒకేచోట భద్రం అన్నారు, అడిగిన రోజున ఒక్కటీ లేదు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మందుల హోల్‌సేల్ చేస్తూ బిల్లింగును క్లౌడ్‌కు మార్చినవాళ్లు దయచేసి ఇది చదవండి. మా క్లౌడ్ భద్రత చూసే సంస్థ పేరు రాయను. మన డిస్ట్రిబ్యూటర్ల గ్రూపులో ప్రతి పండక్కీ అందరికన్నా ముందు శుభాకాంక్షలు పెట్టేవాళ్లే. మీకు తెలుసు.

మా మూడు డిపోల డేటాబేసులు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజ్యూర్‌లో, దాని డేటాబేసు సేవ అజ్యూర్ ఎస్‌క్యూఎల్‌లో ఒకే సర్వరు మీద ఉన్నాయి. ఎవరు లాగిన్ అయ్యారు, ఏది మార్చారు అనే ఆడిట్ లాగ్‌లన్నీ ఒకే లాగ్ ఎనలిటిక్స్ వర్క్‌స్పేస్‌లోకి (లాగ్‌లను ఒకచోట దాచి వెతుక్కునే అజ్యూర్ చోటు) చేరేలా చూస్తామని నెలనెలా పర్యవేక్షణ రుసుము తీసుకున్నారు. చీమ కదిలినా తెలుస్తుంది సార్ అన్నారు. ఏనుగే నడిచి వెళ్లింది. గుణుపూర్ దుకాణాల బాకీలు కొన్ని మేం ఎన్నడూ ఇవ్వని క్రెడిట్ నోట్లతో మాఫీ అయిపోయాయి. ఏప్రిల్‌లో జరిగిన పని జూన్ చివర్లో లెక్కలు సరిచూస్తుంటే బయటపడింది. ఎవరి లాగిన్‌తో జరిగిందో చూపమని ఆ సంస్థ మనిషికి ఫోన్ చేశాను.

"ఏప్రిల్‌వి ఉండవు సార్" అన్నాడు ఆ మనిషి.

ఉండవంటే?

"ముప్పై రోజులే ఉంటాయి. అది డిఫాల్ట్, మనం మార్చకపోతే ఉండే గడువు."

మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదు కదా సార్" అని నవ్వాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఇంకా మాట్లాడుతుండగానే, ఎక్కువ రోజుల నిల్వకు వేరే ప్యాకేజీ ఉందని, కొటేషన్ పంపమంటారా అని అడిగాడు. దొంగ పడ్డ ఇంటికి ఆ ఉదయమే తాళం అమ్మడానికి వచ్చిన తెలివి!

ఆ వర్క్‌స్పేస్‌లో నిల్వ గడువు ఒక సెట్టింగు మాత్రమే. వెతికి వెంటనే చూసుకునేలా 730 రోజుల దాకా, దీర్ఘకాలిక నిల్వతో కలిపి 12 ఏళ్ల దాకా పెంచుకోవచ్చు. కానీ గడువు దాటి చెరిగిపోయాక పెంచితే పాతవి తిరిగి రావు. లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది కదా అని అడిగితే "అవి పెద్ద కంపెనీలకు సార్" అన్నాడు. ఆ ఆదేశాల్లో పెద్ద, చిన్న అనే మాట లేదు. భద్రత అమ్ముకునేవాడికి అది నేను చదివి వినిపించాల్సి వచ్చింది.

అసలు విచిత్రం తర్వాత తెలిసింది. ఇచ్ఛాపురం నుంచి మా మేనల్లుడు వచ్చి చూస్తే, ఆడిటింగ్ సర్వరు స్థాయిలోనూ పెట్టారు, మళ్లీ ఒక్కో డేటాబేసుకు విడిగానూ పెట్టారు. సర్వరు స్థాయిలో పెడితే కింద ఉన్న డేటాబేసులన్నిటికీ అదే వర్తిస్తుంది. రెండూ పెడితే ప్రతి సంఘటనా రెండుసార్లు నమోదవుతుంది. పైగా మామూలు అమరికలో నడిచిన ప్రతి క్వెరీ (డేటాబేసుకు ఇచ్చే ఆదేశం) లాగ్‌లోకి వెళ్తుంది, లోపలికి చేరిన జీబీలను బట్టి బిల్లు పడుతుంది. అంటే ఒకే రికార్డుకు రెండుసార్లు డబ్బు కట్టించి, రెండు కాపీలనూ ముప్పై రోజులకు చెరిగిపోనిచ్చారు. నెలనెలా వాళ్లు పంపే పచ్చటి గ్రాఫులను ప్రింటు తీయించి ఫైలు చేసిన మహానుభావుణ్ణి మాత్రం నేనే.

మా ఆడిటరు గారు ఆధారం ఏదని అడుగుతున్నారు. ఆ ఫైలు చూపించనా?

మీరు చేయాల్సింది కొంచెమే. వర్క్‌స్పేస్ చూసే అధికారం, కనీసం లాగ్ ఎనలిటిక్స్ రీడర్ స్థాయిలో, మీ పేరున తీసుకోండి. అజ్యూర్ డయాగ్నస్టిక్స్ పట్టికలో ఎస్‌క్యూఎల్ సెక్యూరిటీ ఆడిట్ ఈవెంట్స్ కేటగిరీ ఎంచుకుని, అన్నిటికన్నా పాత వరుస ఏ తేదీదో మీ కళ్లతో చూడండి. నెల రోజుల నాటిదే అయితే ఈ రోజే గడువు పెంచమనండి. అదే లాగ్‌ను అజ్యూర్‌లోనే విడిగా ఫైళ్లు దాచే స్టోరేజీ ఖాతాలోకి కూడా పంపమనండి, అక్కడ గడువు సున్నా అని పెడితే మీరు తీసేసేదాకా ఉంటుంది. ఒప్పందంలో రోజుల సంఖ్య అంకెల్లో రాయించుకోండి.

ఆ సంస్థ మనిషి ఈ వారం జయపురం, కొరాపుట్ వైపు తిరుగుతున్నాడని విన్నాను. అక్కడ మీవాళ్లెవరైనా ఉంటే సంతకం పెట్టేలోపు ఇది పంపండి.