నాలుగు సీసాలు, ఒక బావమరిది, మధ్యలో చికెన్ 65

డాలస్ వచ్చి తొమ్మిదేళ్లయినా మొన్నటి దాకా నాకు విస్కీ అంటే స్కాచే. ఇక్కడి విస్కీ, బర్బన్, ఎప్పుడో ఒకసారి తాగి, ఇదేంట్రా దగ్గు మందులా తియ్యగా ఉంది అని పక్కన పెట్టేశాను. కిందటి నెల మా బావమరిది ఆస్టిన్ నుంచి వస్తూ అక్కడి సీసా ఒకటి తెచ్చాడు, గోల అక్కడ మొదలైంది. దానికి ఇంకో మూడు జతచేసి, శనివారం రాత్రి నలుగురం కూర్చుని, ఏది ఏదో తెలియకుండా మా ఆవిడతో పోయించి, గ్లాసుల అడుగున నంబర్లు అంటించి రుచి చూశాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బర్బన్ తయారీకి వాడే ధాన్యాల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, రై విస్కీలో అంతే శాతం రై. రై అంటే హిందీవాళ్ల రాయ్ కాదు, అవి ఆవాలు, ఇది గోధుమకు చుట్టం. రెండూ లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాల్లోనే ఊరాలి. బర్బన్‌లో రంగు కలపడానికి వీల్లేదు, ఆ ఎరుపంతా చెక్కదే. మన ఊళ్లో తాగే మామూలు విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ కాబట్టి మొక్కజొన్న తీపి మన నాలుకకు మొదట్లో వింతగానే ఉంటుంది.

మొదటిది స్టిల్ ఆస్టిన్ వాళ్ల ది మ్యుజీషియన్, 49.2 శాతం ఆల్కహాల్. ధాన్యాల్లో మొక్కజొన్న 70 శాతం, రై 25, మిగతా 5 బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. టెక్సస్ ఎండకు పీపాలు తొందరగా పని చేస్తాయి, మందు చెక్కలోకి ఇంకి బయటికొస్తూ వయసుకు మించిన రంగు తెచ్చుకుంటుంది, ఆవిరై పోయేదీ ఎక్కువే. వాసనలో కాల్చిన బెల్లం, తాగాక చివర్లో కొంచెం చెక్క వగరు. నాకు నచ్చింది, నాలుగు చుక్కల నీళ్లు వేశాక ఇంకా నచ్చింది.

రెండోది టెక్సస్‌లోనే హై అనే చిన్న ఊరి గ్యారిసన్ బ్రదర్స్ స్మాల్ బ్యాచ్, 47 శాతం. ఇందులో రై లేదు, దాని బదులు గోధుమ, అందుకే కారం లేకుండా మెత్తగా, పాకంలా దిగుతుంది. మా ఫ్రెండ్ ఒకడు దీనికే ఫస్ట్ మార్కు వేశాడు. నాకైతే తీపి ఎక్కువ, పైగా నాలుగింట్లో ఖరీదైనది ఇదే.

మూడోది ఎఫ్‌ఈడబ్ల్యూ రై, 46.5 శాతం, షికాగో పక్కన ఇవాన్‌స్టన్‌ది. మద్యం వద్దని ఉద్యమం నడిపిన ఆడవాళ్ల సంఘానికి ఆ ఊరే కేంద్రం, దశాబ్దాల పాటు అక్కడ నిషేధం. అంటే మన సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంటలో డిస్టిలరీ పెట్టినట్టన్నమాట! మందు మాత్రం మర్యాదగా ఉంది, మిరియాల ఘాటు కింద పళ్ల తీపి.

ఇక నాలుగోది, న్యూ రిఫ్ రై. కెంటకీలోని న్యూపోర్ట్‌లో 2014లో మొదలైన డిస్టిలరీ. 95 శాతం రై, మిగిలిన 5 కూడా రై మాల్టే. సీసా మీద బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఉంటుంది, అది 1897 నాటి చట్టం: ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు, కచ్చితంగా 50 శాతం ఆల్కహాల్. ముక్కు దగ్గర పెట్టగానే సోంపు, లవంగం, ఎక్కడో పుదీనా. మింగాక ఆ ఘాటు ఛాతీ దాకా దిగి నిమిషం సేపు ఉంటుంది. లెక్కకొచ్చిన ముగ్గురిలో ఇద్దరం అంటించిన నంబర్ చూడకుండానే దీనికి ఓటేశాం, ధర చూస్తే గ్యారిసన్‌లో సగానికి కాస్త అటూఇటూ.

బావమరిది ఓటు లెక్కలోకి తీసుకోలేదు లెండి. వద్దంటే వినకుండా మొదటి గ్లాసుకే చికెన్ 65 ప్లేటు లాక్కున్నాడు, మూడో గ్లాసుకి "బావా, నాలుగింట్లోనూ ఒకటే పోసి ఆడిస్తున్నావా?" అన్నాడు. రుచి చూసేటప్పుడు నంజుకునే స్టఫ్ దూరంగా పెట్టకపోతే ఈ పని దండగ. రెండో రౌండ్‌లో మేమూ తిన్నాం, కారం మీద గోధుమ బర్బన్ చక్కెర నీళ్లయిపోయింది, రై నిలబడింది కానీ 50 శాతం మందు మిరపకాయ మీద పడితే నోట్లో నిప్పే, కాస్త నీళ్లు కలుపుకోండి.

క్రాఫ్ట్, అంటే చిన్న డిస్టిలరీ సొంత సరుకు, అనే మాట చూసి మాత్రం కొనకండి, ఒకసారి నేను బోల్తాపడ్డాను. ఊళ్లో షాపువాడు మన లోకల్ సరుకు అని అరవై డాలర్ల సీసా అంటగట్టాడు, ఇంటికొచ్చి వెనక లేబుల్ చదివితే డిస్టిల్డ్ ఇన్ ఇండియానా. అక్కడి పెద్ద ఫ్యాక్టరీ సరుకు కొని సొంత పేరు అంటించుకునే బ్రాండ్లు చాలా ఉన్నాయి, ఆ మందు చెడ్డదేం కాదు, అరవై ఎందుకన్నదే నా బాధ. డిస్టిల్డ్ బై అని ఉందా, ఉత్త బాటిల్డ్ బై అనే ఉందా చూడండి. నాలుగేళ్లలోపు స్ట్రెయిట్ విస్కీ (కనీసం రెండేళ్లు పీపాలో ఊరింది) అయితే వయసు కూడా రాసి తీరాలి, అదీ వెతకండి.

ఆదివారం పొద్దున చూస్తే న్యూ రిఫ్ అడుగున రెండు వేళ్లు మిగిలింది. గ్యారిసన్ మూడొంతులు అలాగే ఉంది, దాన్ని ఓటేసిన ఫ్రెండ్‌కే ఇచ్చి పంపాను.