ఇరుంగాట్టుకోట్టైలో ఆరు ల్యాప్‌ల కోసం పదకొండు గంటలు

పొద్దున ఆరున్నరకి చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ గేటు లోపలికి పోయాం. మా నోవిస్ (కొత్తగా రేసుల్లోకి వచ్చేవాళ్ల) రేసు ముగిసేసరికి సాయంత్రం ఐదున్నర. ఈ 11 గంటల్లో నేను ట్రాక్ మీద బండి తోలింది అంతా కలిపినా గంట లేదు. మిగతా టైమంతా క్యూలో నిలబడ్డం, గ్యారేజీ నీడలో కూర్చోడం, ఎవర్ని చూసినా "ఎప్పుడన్నా మొదలయ్యేది" అని అడగడం. మళ్లీ పోతావా అంటే పోతాను. ఎందుకు పోతానో, ఏది బాగుందో, ఏది బాగాలేదో రాసి పెడుతున్నా. మనవైపు నుంచి మొదటిసారి పోయేవాళ్లకి పనికొస్తుంది.

మాది నెల్లూరు. నా బండి టీవీఎస్ ఆర్‌ఆర్ 310 మోటార్‌సైకిల్. నేనూ, బావా, మా మెకానిక్ భాయ్, మొత్తం ముగ్గురం. రెండు బళ్లనీ బొలెరో పికప్‌లో తాళ్లేసి కట్టి శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాం. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి గుమ్మిడిపూండి మీదుగా పోతే రెడ్‌హిల్స్‌కి ముందు షోలవరం వస్తుంది. ఈ రోడ్డున వందసార్లు పోయుంటాను గానీ ఆ ఊరికి, రేసులకి ఉన్న సంబంధం ఈమధ్యే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటి అక్కడుంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏళ్ల తరబడి దాని మీదే రేసులు పెట్టింది. తర్వాత సొంతంగా శ్రీపెరుంబుదూరుకి ఈవల ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ కట్టుకుంది. 1990 నుంచి రేసులు అక్కడే. మేం షోలవరం దాటాక ఔటర్ రింగ్ రోడ్డెక్కి, నజరేత్‌పేట దగ్గర బెంగళూరు హైవే మీద దిగాం. నెల్లూరు నుంచి అయితే ఇదే దారి. చెన్నై ఊళ్లోకి మాత్రం పోవద్దు, పికప్ వేసుకుని అసలు పోవద్దు.

మొదటి రాత్రికి శ్రీపెరుంబుదూరు బస్టాండు పక్కన ఒక లాడ్జి తీసుకున్నాం. 1,400 రూపాయలు. ఫోన్లో "పార్కింగ్ ఉంది సార్" అన్నాడు. తీరా చూస్తే రోడ్డుకి, డ్రైనేజీకి మధ్య ఉన్న ఖాళీ జాగా. భాయ్ పికప్ క్యాబిన్‌లోనే పడుకున్నాడు. "బళ్లకి కాపలానా, దోమలకి భోజనమా అన్నా?" అన్నాడు తెల్లారి. రెండో రాత్రికి బుద్ధొచ్చి ఫ్యాక్టరీలకి వచ్చిపోయేవాళ్ల కోసం కట్టిన సర్వీస్ అపార్ట్‌మెంటుకి మారాం. పక్కనే హ్యుందాయ్ ప్లాంటు ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల కొరియా వాళ్లు ఎక్కువ. కొరియన్ బోర్డులు, కొరియన్ హోటళ్లు కనిపిస్తాయి. రేటు రెట్టింపు అయింది గానీ గేటు, వాచ్‌మన్, వేణ్ణీళ్లు అన్నీ ఉన్నాయి. బళ్లతో పోయేవాళ్లు గది తర్వాత చూసుకోండి, ముందు గేటు చూసుకోండి.

ఇక అసలు సంగతి స్క్రూటినీ. అంటే ట్రాక్ మీదికి వదిలే ముందు బండినీ, మనిషి వేసుకున్న సరంజామానీ తనిఖీ చేయడం. ఏం చేసుకుని రావాలో వారం ముందే మెయిల్ పెట్టారు. అద్దాలు, నంబర్ ప్లేటు, సైడ్ స్టాండు పీకేయాలి. హెడ్‌లైటు, ఇండికేటర్లకి టేపు వేయాలి, పగిలినా గాజుముక్కలు ట్రాక్ మీద పడకుండా. రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తీసేసి ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి, ఆయిల్ పోసే మూతకి లాక్‌వైరు కట్టాలి. ఎంత అదిరినా బోల్టు తిరగకుండా పట్టి ఉంచే సన్నని స్టీలు తీగ అది. బోల్టు తలకి ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం వేస్తేనే తీగ దూరుతుంది. ఆ బెజ్జం వేయడానికి భాయ్ నెల్లూరులో రెండు డ్రిల్ బిట్లు విరగ్గొట్టాడు. డ్రెయిన్ బోల్టు అయిందనిపించి, మూత సంగతి ఇద్దరం మర్చిపోయాం.

మా వరసలో చూసే ఆయనకి అరవై దాకా ఉంటాయి. తెల్ల టోపీ, చేతిలో చిన్న టార్చి, అట్టకి క్లిప్పేసిన కాగితం. ఎక్సలరేటర్ పూర్తిగా తిప్పి వదిలేశాడు, టక్కున వెనక్కి వచ్చిందా లేదా అని. ముందు చక్రం పైకెత్తించి హ్యాండిల్ అటూ ఇటూ ఊపాడు, ఫోర్కులు పట్టుకుని లాగాడు. చెయిన్ వేలితో పైకి నొక్కాడు. బ్రేక్ ప్యాడ్ల మీద టార్చి వేశాడు. తర్వాత కూలెంట్ డబ్బా మూత తీసి వేలు ముంచాడు. వాసన చూశాడు. బొటనవేలికి చూపుడువేలికి మధ్య రుద్ది, అదే చెయ్యి నా ముందు పెట్టాడు.

"ఏమప్పా, ఇది నీళ్లా?"

నీళ్లే పోశామండీ అన్నాను.

"పోసినావు. ముందున్నది పూర్తిగా కడగలేదు. చూడు, జిడ్డుగా జారతా ఉంది. నువ్వు పడితే నువ్వు లేచి పోతావు. ఇది రోడ్డు మీద పడితే నీ ఎనకాల వచ్చేవాడికి కనపడదు."

ఆయనది తిరుత్తణి పక్కనట. ఇంట్లో తెలుగే. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే కదా, ఆ మాటే అంటే నవ్వాడు. పాసయినట్టు వేసే స్టిక్కర్ మాత్రం ఇవ్వలేదు. కాగితం మీద మూడు రాశాడు: కూలెంట్, ఆయిల్ మూతకి వైరు లేదు, ఎడమ బార్ ఎండ్ (హ్యాండిల్ చివర బిగించే ముక్క) వదులు. బావ బండి పాసయింది గానీ బావ హెల్మెట్ ఫెయిలయింది. టక్కున నొక్కితే పట్టుకునే క్లిప్పు ఉంది దానికి. రెండు రింగుల్లోంచి పట్టీ దూర్చి బిగించే డబుల్ డి రింగే కావాలన్నాడు. బావ వాదించబోయాడు. ఆయన ఏమీ అనకుండా వెనకాలవాణ్ని పిలిచాడు.

నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు మండిపోయింది. మా వెనక నలభై బళ్లున్నాయి, చూసేవాళ్లు ముగ్గురే. మళ్లీ వరస చివరికి పోవాలి. రేడియేటర్ రెండుసార్లు నింపి, ఇంజిన్ వేడెక్కనిచ్చి, వంచి, మళ్లీ నింపేసరికి మాకు నలభై నిమిషాలు. వైరు మెలితిప్పే పట్టకారు పక్క గ్యారేజీలో బెంగళూరు కుర్రాళ్లు ఇచ్చారు, అడగకుండానే తీగ కూడా ఇచ్చారు. హెల్మెట్ అక్కడే అద్దెకి దొరికింది, 800 రూపాయలు. రెండోసారి ఆ పెద్దాయన మళ్లీ వేలు ముంచి, రుద్ది, తల ఊపి, ఫోర్కు మీద పచ్చ స్టిక్కర్ అంటించాడు.

తొమ్మిదికి మొదలవ్వాల్సిన మొదటి ప్రాక్టీసు పదీ ఇరవైకి గానీ మొదలవలేదు. కారణం స్క్రూటినీ కాదు, అంబులెన్సు. రెండుంటే గానీ ట్రాక్ తెరవకూడదని రూలు. ఒకటి పొద్దున్నే వచ్చింది, రెండోది రాలేదు. ఇక్కడే మా ట్రాక్ డే (మనలాంటివాళ్లు ఫీజు కట్టి రేస్ ట్రాక్ మీద సొంత బండి తోలే రోజు) పెట్టినవాళ్ల మీద నా ఫిర్యాదు. ఆలస్యమైందని కాదు, గంటా ఇరవై నిమిషాలు ఒక్క మాట చెప్పలేదని. మైకు ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది. "అంబులెన్సు రాలేదు, వచ్చాకే మొదలు" అని ఒక్క ముక్క చెప్పుంటే లెదర్ సూట్లు వేసుకుని ఎండలో ఎవరూ ఉడికేవాళ్లు కాదు. రూలు మాత్రం సరైందే. ఈ ట్రాక్ మీదే 2023 జనవరిలో కార్ల రేసులో ఒక సీనియర్ డ్రైవరు, అదే ఏడాది ఆగస్టులో మోటార్‌సైకిళ్ల రేసులో 13 ఏళ్ల బెంగళూరు కుర్రాడు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కుర్రాడు పోయాక ఆ శని, ఆదివారాల్లో మిగిలిన రేసులన్నీ రద్దు చేశారు. అది తెలిసినవాళ్లెవరూ అంబులెన్సు లేకుండా వదలమని అడగరు. మా గ్యారేజీలో ఒకాయన అడిగాడు.

పెద్ద రేసులకీ ఈ తిప్పలు తప్పవు లెండి. 2024 ఆగస్టు 31న చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద ఫార్ములా 4 కార్ల రేసు పెట్టినప్పుడు, వాన వల్ల ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ) వాళ్ల భద్రతా తనిఖీ ఆలస్యమై, సర్టిఫికెట్ చూపించడానికి ఇచ్చిన గడువుని హైకోర్టు పొడిగించాల్సి వచ్చింది. 2011లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో మొట్టమొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ (ఫార్ములా 1 కార్ల రేసు) తొలి ప్రాక్టీసు ఒక కుక్క ట్రాక్ మీదికి రావడంతో ఆగింది. మాకు కుక్క కూడా రాలేదు.

బ్రీఫింగ్ (రూల్స్ వివరించడం) బాగా చేశారు. జెండాలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, ఎవరో ఒకర్ని లేపి అడిగారు. పసుపు అయితే ముందు ప్రమాదం, దాటెయ్యకూడదు. పసుపు ఎరుపు గీతలుంటే రోడ్డు జారుతుంది. నలుపు మధ్యలో నారింజ చుక్కతో పాటు మీ నంబరు చూపిస్తే మీ బండిలోంచి ఏదో కారుతోందో, ఊడిపోతోందో, వెంటనే పక్కకి రావాలి. ఎరుపు అయితే అందరూ మెల్లగా పిట్‌కి (గ్యారేజీల ముందు బళ్లు ఆపే చోటికి) రావాలి. బావని నారింజ చుక్క గురించి అడిగితే "పెట్రోలు అయిపోయింది" అన్నాడు.

రెండో ప్రాక్టీసులో ఆరు నిమిషాలకే ఎర్రజెండా. సి1 (మొదటి మలుపు) దాటాక ఎవరో జారిపడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. ట్రాక్ పక్కన కాపలా ఉండే మార్షల్స్ ఎంత త్వరగా చేరారంటే మేం పిట్‌లోకి తిరిగేసరికే స్ట్రెచర్ మీద ఉన్నాడు. కానీ అంబులెన్సు ఒకటి ఆస్పత్రికి పోయింది కాబట్టి మళ్లీ ఒకటే మిగిలింది, మళ్లీ ట్రాక్ మూత. యాభై నిమిషాలు. అంతకుముందు ఒకసారి, రెండు నిమిషాల్లో వదులుతామని మమ్మల్ని బళ్ల మీద ఎక్కించి పిట్ లేన్‌లో వరసగా నిలబెట్టి పదిహేను నిమిషాలు ఉంచారు. ఉత్త నీళ్లున్న రేడియేటర్, గాలి లేదు, ఫ్యాన్ గిరగిరా తిరుగుతానే ఉంది, ఉష్ణోగ్రత గీత పైకి పాకుతోంది. ఇంజిన్ ఆపేశాను. పక్కవాడు ఆపలేదు, పొంగించుకున్నాడు. ఉత్త నీళ్లే కాబట్టి తుడిచేసి వదిలారు. పిట్ లేన్‌లో నిలబెడితే మొహమాటపడకుండా ఇంజిన్ ఆపేయండి.

మిగతా ట్రాకుల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతా. కోయంబత్తూరు చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. 150, 200 సీసీ బళ్లకి అదే సుఖం, ఊళ్లో లాడ్జిలకీ కరువు లేదు, ఎండ కూడా కొంచెం తక్కువ. మనకి దూరం అంతే. బుద్ధ్ 5 కిలోమీటర్ల పైన, పెద్ద బళ్ల రాజ్యం. బండిని గ్రేటర్ నోయిడా దాకా లారీలో పంపే ఖర్చుతో ఇక్కడ మూడుసార్లు తోలొచ్చు. ఇరుంగాట్టుకోట్టై 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, నా 310కి సరిగ్గా సరిపోయింది. ఇవి కాక పోయినేడు ఇంకోచోట, పేరు వద్దులెండి, కార్ట్ ట్రాక్ (చిన్న గో-కార్టు బళ్ల ట్రాక్) మీద పెట్టిన "ట్రాక్ డే"కి కూడా పోయాను. అక్కడ స్క్రూటినీ అరనిమిషం. టైర్లు కాలితో తన్ని స్టిక్కర్ వేశారు. తొమ్మిదన్నారు, తొమ్మిదికే వదిలారు. అప్పుడు భలే ఉందే అనుకున్నాను. అంబులెన్సని చూపించింది ఒక ఓమ్నీ, దాని డ్రైవరు మాతోపాటే టీ తాగుతూ కూర్చున్నాడు. ఇంక అటు పోను.

మధ్యాహ్నం ప్యాకెట్లలో పెరుగన్నం, పులిహోర. పెరుగన్నం తినండి, పులిహోర జోలికి పోకండి, లెదర్ సూట్‌లో దాహంతో చస్తారు. చివరికి ఎనిమిది ల్యాప్‌ల రేసుని ఆరు చేశారు, వెలుతురు పోతుందని. ఇక్కడ మాత్రం మైకులో ముందే చెప్పారు, ఎవరూ గొణగలేదు. 17 మందిలో నేను 14. మొదటి రెండు ల్యాపులూ గాబరా, మూడో ల్యాపులో ఒకణ్ని బ్రేకింగ్ దగ్గర దాటాను, ఐదో ల్యాపులో వాడే నన్ను దాటి, పిట్‌కి వచ్చాక భుజం తట్టాడు. ప్రొద్దుటూరు కుర్రాడు. పొద్దున్నుంచీ పక్క పక్క గ్యారేజీల్లో కూర్చుని ఇద్దరం వచ్చీరాని తమిళంలో మాట్లాడుకుంటున్నాం.

ఖర్చు విషయానికొస్తే పికప్, డీజిలు, రెండు రాత్రులు, తిండి, హెల్మెట్ అద్దె కలిపి ఎంట్రీ ఫీజు కంటే ఎక్కువే తేలింది. ముగ్గురు, నలుగురు కలిసి పోతేనే గిడుతుంది.

ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటే, శ్రీపెరుంబుదూరు రామానుజాచార్యులు పుట్టిన ఊరు కదా అని ఆదికేశవ పెరుమాళ్ గుడికి పోయి, తిరుగు దారిలో సూళ్లూరుపేటలో భోంచేసి ఇంటికి చేరాం. సోమవారం భాయ్ బండిలో నీళ్లు వంచి కూలెంట్ పోస్తూ, వేలికి కొంచెం అంటించుకుని రుద్ది నాకు చూపించాడు. "ఏమప్పా, ఇది నీళ్లా?" అని అచ్చం ఆ పెద్దాయన గొంతుతోనే. వచ్చేసారికి డ్రిల్ బిట్లు అరడజను, డిస్టిల్డ్ వాటర్ రెండు డబ్బాలు తెచ్చిపెట్టమన్నాడు. బావ డబుల్ డి రింగు హెల్మెట్ కోసం వెతుకుతున్నాడు.