ముందు దేనికి ఖర్చు పెట్టాలి: మనిషికా, గడియారానికా, బాత్రూముకా?

తల్లిదండ్రులు తెనాలిలోనో సిద్దిపేటలోనో సొంత ఇంట్లో ఉంటూ, పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాల నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. అమ్మా నాన్నా ఊరు వదిలి రామంటున్నారు. వాళ్ళ క్షేమం కోసం రాత్రీ పగలూ ఇంట్లో ఉండే మనిషిని పెట్టాలా, పడిపోతే దానంతట అదే ఫోను చేసే గడియారం కొనాలా, లేక ఇంటినే వాళ్ళ వయసుకు తగినట్టు మార్పించాలా? మూడూ ఒకేసారి చేయగలిగిన వారికి ఈ పోలికతో పనిలేదు. ఏదో ఒకదానితో మొదలుపెట్టవలసిన వారి కోసం ఇది రాస్తున్నాను.

మనిషిని పెట్టడం వల్ల కలిగే మేలును తక్కువ చేయలేము. వేళకు మందులు అందుతాయి, ఆస్పత్రికి తోడు దొరుకుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లో మాట వినిపిస్తుంది. అయితే ఏజెన్సీల ద్వారా వచ్చేవారు కొన్ని నెలలకే మారిపోవడం మామూలు, వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఇంటి అలవాట్లు మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. రాత్రి సంగతి మరీ ముఖ్యం. పగలంతా పనిచేసిన మనిషి రాత్రి నిద్రపోతుంది, పోవాలి కూడా. అర్ధరాత్రి బాత్రూముకు వెళ్ళవలసి వస్తే, పాపం పడుకుందిలే అని మన పెద్దలు లేపరు, మొహమాటపడి ఒంటరిగానే లేచి వెళతారు. ఇంకొక చిక్కు కూడా ఉంది. మంచినీళ్ళ దగ్గరి నుంచి బట్టలు ఆరవేయడం దాకా అన్నీ ఇంకొకరు చేసిపెడుతుంటే పెద్దవాళ్ళు కుర్చీకి పరిమితమవుతారు, కదలిక తగ్గేకొద్దీ తొడల్లో బలం తగ్గి, లేచి నిలబడడమే కష్టమవుతుంది.

గడియారం చేసే పని వేరు. 2018లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 4 నుంచి ఈ సౌకర్యం ఉంది: పెట్టుకున్న మనిషి గట్టిగా పడిపోయి సుమారు ఒక నిమిషం పాటు కదలకపోతే, అది అత్యవసర సేవలకు ఫోను చేసి, మనం నమోదు చేసిన వారికి సందేశం పంపుతుంది. పడిన దెబ్బ కన్నా, లేవలేక గంటల తరబడి నేల మీద ఉండిపోవడమే కొన్నిసార్లు ఎక్కువ హాని చేస్తుంది; ఒంట్లో నీరు తగ్గిపోతుంది, ఒత్తుకున్న చోట పుండ్లు పడతాయి, కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు ముప్పు వస్తుంది. ఆ ముప్పును తప్పించడంలో ఇటువంటి పరికరం నిజంగా పనికివస్తుంది. కానీ దాన్ని రోజూ ఛార్జింగ్ పెట్టాలి. స్నానానికి వెళ్ళేటప్పుడు తీసి బల్ల మీద పెట్టడం మన వాళ్ళకు అలవాటు, అంటే ఎక్కువ ప్రమాదమున్న చోట అది చేతికి ఉండదు. గోడను ఆనుకుని మెల్లగా జారి కూలబడితే అది గుర్తించకపోవచ్చు. పైగా సందేశం డాలస్‌కు చేరినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. 108 అంబులెన్సు వచ్చినా లోపలి గడియ తీసేదెవరు? పక్కింటివారి దగ్గర ఒక తాళంచెవి, బయటి నుంచి కూడా తెరుచుకునే తాళం లేకుండా గడియారం కొనడం సగం పనే.

నా దృష్టిలో తేల్చే అంశం ఒక్కటే: రాత్రి మంచం నుంచి బాత్రూము దాకా ఉన్న ఆ కొన్ని అడుగులు. వయసు పైబడినవారిలో, పడుకుని లేచి నిలబడిన 3 నిమిషాల లోపే పై రక్తపోటు 20 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ పడిపోయి కళ్ళు తిరగడం తరచుగా కనిపిస్తుంది. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, నిద్రమాత్రలు ఈ ముప్పును పెంచుతాయి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రాత్రిపూట మూత్రానికి లేవడమూ ఎక్కువవుతుంది. ఆ స్థితిలో చీకటి, గడప, జారే డోర్‌మ్యాట్, తడి టైల్సు వరుసగా ఎదురవుతాయి. మనిషీ గడియారమూ ప్రధానంగా పడిన తరువాత ఆదుకునేవి. ఇంటి మార్పు అసలు పడే అవకాశాన్నే తగ్గిస్తుంది. వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష, ఇంట్లోని ఇటువంటి ప్రమాదాలను తొలగిస్తే పడిపోవడాలు 26 శాతం తగ్గుతాయనీ, ఇప్పటికే ఒకసారి పడినవారి వంటి ఎక్కువ ముప్పున్న వారిలో 38 శాతం తగ్గుతాయనీ తేల్చింది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట స్టీలు పట్టుకడ్డీలు వేయించాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం అవి నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి, కానీ మేస్త్రీ గోడకు రంధ్రం పెట్టే ముందు అమ్మనే కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు ఆమె చెయ్యి సహజంగా ఎక్కడికి వెళుతుందో చూసి గుర్తు పెట్టించడం ఇంకా మంచిది. గోడకు అతుక్కునే రబ్బరు రకం వద్దు, తువ్వాలు వేసే కడ్డీని నమ్ముకోనే వద్దు. మనిషి బరువంతా మోయాలంటే ఇటుక గోడలోకి బోల్టులతో బిగించాలి. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తుంటే మోకాళ్ళ నొప్పులున్నవారు తేలికగా లేవగలరు. తక్కువగా ఉంటే పైన అమర్చే ఎత్తు సీట్లు దొరుకుతాయి. స్నానానికి పొట్టి పీట తీసేసి, కాళ్ళకు రబ్బరు తొడుగులున్న కుర్చీ వేసి, వంగి మగ్గుతో ముంచుకోకుండా బకెట్టును స్టూలు మీద పెట్టాలి. బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించడం నేను గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే లోపల పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ తీయలేరు. దారిలో కదలికను గుర్తించి వెలిగే దీపం ఉండాలి, అది ఇన్వర్టరు లైనుకు కలిపి ఉండాలి. బాత్రూము పెరట్లో ఉన్న పాత ఇళ్ళలో రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టుకోవడం మేలు. ఇవన్నీ ఒకసారి పెట్టే ఖర్చుతో తీరిపోతాయి, మనిషికి మాత్రం నెలనెలా జీతం ఇవ్వాలి. అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది, తన పని కోసం ఇంకొకరిని అడగనవసరం లేకపోవడం పెద్దలకు ఇచ్చే గౌరవం.

గదుల్లో సీసీ కెమెరాలు పెట్టడం గురించి కూడా అడుగుతున్నారు. వీధి గుమ్మానికి సరే, పడకగదిలో మాత్రం వాళ్ళు ఒప్పుకుంటేనే పెట్టాలి. నగర శివార్లలోని సీనియర్ లివింగ్ సముదాయాలు ఊరితో అనుబంధం తెంచుకోవడానికి సిద్ధపడినవారికి బాగుంటాయి, ఈ ప్రశ్న అడిగేవారిలో అటువంటివారు తక్కువ.

మతిమరుపు జబ్బు ముదిరినవారి విషయంలో, పార్కిన్సన్స్ వల్ల అడుగు తడబడుతున్నవారి విషయంలో, ముందు ఇంటి మార్పులే అన్న నా వరుస మారుతుంది. కడ్డీ ఎక్కడుందో గుర్తులేని మనిషికి కడ్డీ సాయం చేయదు, అక్కడ ముందు మనిషే కావాలి, అదీ రాత్రికి మేలుకుని ఉండే వేరే మనిషి. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న కుటుంబాలు, 2017లో నెల్లూరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి తెలుసుకోవాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు అందులో ఉచితంగా ఇస్తారు. పెద్దల సహాయవాణి 14567కు ఫోను చేసి వివరాలు అడగవచ్చు. చేతికర్ర ఎవరిచ్చినా, చెయ్యి కిందికి వేలాడేసి నిలబడినప్పుడు మణికట్టు దగ్గరికి దాని పిడి వచ్చేలా ఎత్తు సరిచేయించి, అడుగున అరిగిన రబ్బరు బిరడాను ఎప్పటికప్పుడు మార్పించండి.