‘ఏడు రోజుల్లో సిగరెట్ మాన్పించే చుక్కలు’ కొనబోయేవారికి హెచ్చరిక

సిగరెట్ మానాలని నిర్ణయించుకున్నవారు, వారిచేత ఎలాగైనా మాన్పించాలని ఆరాటపడే ఇంట్లోవారు, స్నేహితులు, ఫోన్‌లో ప్రకటనలు చూసి ‘ఏడు రోజుల చుక్కల మందు’ తెప్పించుకునే ముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. దీనిలో పోయిన రూ.2,400 నావి కావు, నా స్నేహితులవి. ఇంత వివరంగా రాయడానికి అదే కారణం.

మాది గుంటూరు, పొగాకు బోర్డు 1976 నుంచి కొలువై ఉన్న ఊరు. పందొమ్మిదేళ్లుగా రోజుకు పది పన్నెండు సిగరెట్లు కాల్చిన నేను, మొన్న సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం, బ్రాడీపేటలో రోజూ కలుసుకునే టీ కొట్టు దగ్గర ఇక మానేస్తానని అన్నాను. నవ్వి ఊరుకుంటారనుకున్న నలుగురు స్నేహితులూ ఆ మాటను నాకంటే గట్టిగా పట్టుకున్నారు. వారిలో ఒకరు తాను కాల్చాలనిపించినప్పుడు రోడ్డు దాటి అవతలికి వెళ్లడం మొదలుపెట్టారు. భోజనమయ్యాక కాల్చకుండా ఉండలేనని తెలిసి, ఇంకొకరు రాత్రి తొమ్మిదింటికల్లా మా ఇంటికి వచ్చి నన్ను నడకకు తీసుకుపోయేవారు. మరొకరు ఫోన్‌లో ప్రకటన చూపించగా, తలా రూ.600 వేసి నా పేరున కిట్ తెప్పించారు. వారి మనసు మంచిదే, తెప్పించిన సరుకే మంచిది కాదు.

పార్శిల్ వచ్చినప్పుడు డబ్బు చెల్లించాకే విప్పనిచ్చారు. లోపల మూడు చిన్న డ్రాపర్ సీసాలు, ఒక రంగుల కరపత్రం ఉన్నాయి. లవంగం, కర్పూరం కలిసిన వాసన. డబ్బా మీద ఆకులు, చెట్ల బొమ్మలు ఉన్నాయి గానీ ఏ మూలిక ఎంత పాళ్లలో ఉందో లేదు, తయారీదారు చిరునామా లేదు, ఆయుర్వేద మందు మీద తప్పనిసరిగా ఉండవలసిన లైసెన్సు నంబరు కూడా లేదు. మూడో రోజున తడి చేత్తో సీసా పట్టుకుంటే లేబుల్ అంచు లేచింది. దానిని పూర్తిగా ఊడదీసి చూస్తే కింద మరో లేబుల్, దాని మీద ‘బరువు తగ్గించే చుక్కలు’ అని ఉంది. అప్పుడే ఆపి ఉండవలసింది. స్నేహితులు ఏమనుకుంటారోనన్న మొహమాటంతో మరో వారం వాడాను, అది నా పొరపాటే.

సిగరెట్ మానిన మొదటి రెండు మూడు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం తీవ్రంగా ఉంటాయి, తరువాత కొన్ని వారాల్లో క్రమంగా తగ్గుతాయి. నికోటిన్ అందక శరీరం పడే యాతన అది. కంపెనీ తరఫున ‘డాక్టర్’నంటూ ఫోన్ చేసిన వ్యక్తి మాత్రం ఇవన్నీ మందు పనిచేస్తోందనడానికి నిదర్శనమని చెప్పాడు. పదకొండో రోజున ఒక పెళ్లిలో నేను సిగరెట్ ముట్టించానని చెప్పగానే, శరీరంలో విషం ఎక్కువగా ఉంది కాబట్టి రూ.4,800 పెద్ద కోర్సు వాడాలన్నాడు. తోడుగా ‘పొగ రాని పెన్ను’, అంటే ఈ-సిగరెట్, కూడా పంపిస్తానన్నాడు. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధమని నాకు తెలుసు కాబట్టి అక్కడితో ఆ సంభాషణ ముగించాను.

ఫలితం లేకపోతే పూర్తి డబ్బు వాపసు అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉంది. అడిగితే కరపత్రం వెనుక సన్న అక్షరాల్లో ఉన్న షరతు చదివి వినిపించారు: ముప్పై రోజుల్లో ఒక్క సిగరెట్ కాల్చినా హామీ వర్తించదట. మందు పనిచేసినవాడు డబ్బు అడగడు, పనిచేయనివాడికి అడిగే అర్హత లేదు! ఇంత పకడ్బందీ హామీని నేను ఇంతవరకు చూడలేదు. ఆ తరువాత నా నంబరును బ్లాక్ చేశారు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. అదే కరపత్రంలో, ‘మీవారికి తెలియకుండా టీలో, కూరలో కలిపి ఇవ్వవచ్చు’ అని భార్యలనూ తల్లులనూ ఉద్దేశించి రాశారు. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. చుక్కలు వాడిన రోజుల్లో రెండుసార్లు గుండె దడ వచ్చింది. అది సిగరెట్ మానడం వల్లనా, ఈ చుక్కల వల్లనా అని మా డాక్టర్‌ గారిని అడిగితే, సీసాలో ఏముందో తెలియనప్పుడు తాను చెప్పలేనన్నారు. తాను ఏం తాగుతున్నాడో తెలియని మనిషికి ఆపద వస్తే, ఆ డాక్టర్‌కు ఈ మాత్రం వివరం కూడా దొరకదు. దయచేసి ఎవరికీ చెప్పకుండా ఏదీ కలపకండి.

తరువాత మా డాక్టర్‌ గారు నికోటిన్ గమ్ వాడమన్నారు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది, 4 మిల్లీగ్రాములదానికి చీటీ కావాలి. గుండె జబ్బు ఉన్నవారు అడిగి వాడడం మంచిది. దీనిని మామూలు గమ్‌లా గబగబా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమన్నప్పుడు బుగ్గకూ చిగురుకూ మధ్య కాసేపు ఉంచాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు, కనీసం పదిహేను నిమిషాల విరామం కావాలి. టీ కొట్టు దగ్గరే కాలం గడిపే నాకు ఈ నియమమే అన్నిటికంటే కష్టంగా ఉంది. ఇక మానాలనుకునేవారికి ఉచితంగా సలహా ఇచ్చే ప్రభుత్వ నంబరు 1800-11-2356 ఎక్కడుందో వెతకనక్కరలేదు, 2018 నుంచి సిగరెట్ పెట్టె మీదనే అచ్చువేస్తున్నారు. ఇన్నేళ్లుగా రోజూ చేత్తో పట్టుకుని ఒక్కసారీ చదవలేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అమ్మినవారి పేరు, చిరునామా అడిగారు. పార్శిల్ మీదున్నది పంపిణీ సంస్థ గిడ్డంగి చిరునామా మాత్రమే, బిల్లు లేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవారు తమ చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు బయటపెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఆ వివరాలు లేని పేజీలో కొనడం మా తప్పు. ఇప్పటివరకు పైసా రాలేదు.

మూడు సీసాలూ, ఊడదీసిన లేబులూ, పార్శిల్ కవరూ నా దగ్గర దాచి ఉంచాను. ఇదే రకం డబ్బా మీకూ వచ్చి ఉంటే దేనినీ పారేయకండి, ముఖ్యంగా పార్శిల్ మీది చీటీని. మీ చీటీ మీద మరో చిరునామా ఉంటే తెలియజేయండి. నా ఫిర్యాదు అక్కడే ఆగిపోయింది.