నల్లకుక్క మొహానికి వెలుగు: కొన్నేళ్ళుగా స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ వాడుతున్న అనుభవం

స్నాప్‌సీడ్ ఉచితమని, అందులో ప్రకటనలు రావని, క్రాప్ మొదలు ఫిల్టర్ల దాకా అన్నీ ఉన్నాయని ఫోన్‌లో ఫొటోలు దిద్దుకునేవారిలో చాలామందికి తెలుసు. ఆ సంగతులన్నీ వదిలేసి, కొన్నేళ్ళుగా ఆ యాప్ నా ఫోన్‌లో నిలిచి ఉండడానికి కారణమైన ఒకే ఒక్క పనిముట్టు గురించి రాస్తున్నాను. దాని పేరు సెలెక్టివ్. ఫొటోలో మనం వేలు పెట్టిన చోట మాత్రమే వెలుగును పెంచడం, తగ్గించడం దాని పని. వినడానికి ఇది చిన్న సౌకర్యమే గాని, నల్లకుక్కను పెంచుకుంటూ దాని ఫొటో ఒక్కటైనా సరిగ్గా రావాలని కోరుకునేవారికి ఇంతకన్నా ఉపకారం చేసేది ఫోన్‌లో మరొకటి నాకు దొరకలేదు. ఇదంతా నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్న రెండో తరం వెర్షన్ గురించి చెబుతున్న మాట. 2025లో ఐఫోన్లకు వచ్చిన మూడో తరంలో అమరిక మారింది, దాన్ని నేను వాడలేదు.

మా కాటుక పెదవాల్తేరులో మా వీధిలోనే పుట్టిన దేశవాళీ కుక్క. ముక్కు నుంచి తోక దాకా నలుపే. కళ్ళు ముదురు గోధుమరంగు. ఎడమ చెవి అంచున, పిల్లగా ఉన్నప్పుడు మరో కుక్క కరిచిన చోట, చిన్న చీలిక ఉంది. దాని సంగతి తరవాత వస్తుంది. ఇటువంటి కుక్కను ఫొటో తీయడంలోని చిక్కంతా కెమెరా వేసుకునే లెక్కలో ఉంది. ఎదుట ఉన్న దృశ్యం సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందన్న ఊహతో కెమెరా వెలుగును కొలుస్తుంది. ఫ్రేము నిండా కుక్కే ఉంటే వెలుగు చాలలేదనుకుని పెంచేస్తుంది, దానితో నల్లటి బొచ్చు బూడిదరంగుకు తిరుగుతుంది. కుక్క చిన్నదిగా ఉండి వెనక సముద్రమో ఆకాశమో పరుచుకుని ఉంటే ఆ కాంతికి తగ్గట్టు తగ్గించేస్తుంది, కుక్క ఉన్నచోట కన్నూ ముక్కూ తెలియని నల్లటి ఆకారమే మిగులుతుంది. ఇప్పటి ఫోన్లు కొంత తెలివిగా సర్దుకుంటున్నా ఈ స్వభావం పూర్తిగా పోలేదు. విశాఖలో రెండో రకం ఇబ్బందే ఎక్కువ, ఎందుకంటే సముద్రం మనకు తూర్పున ఉంది. పొద్దున్నే బీచ్‌కి వెళ్ళి, సముద్రం కనబడేలా కుక్కను నిలబెట్టి తీశామంటే సూర్యుడు దాని వీపు వెనకే ఉంటాడు.

అలా తీసిన ఫొటో ఒకటి ఉంది. చలికాలంలో, బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేసి నడిచేవాళ్ళకు వదిలే తెల్లవారుజామున, ఆర్కే బీచ్ పిట్టగోడ మీద కాటుక చెవులు నిక్కించి కూర్చుంది. వెనక ఒక అల సరిగ్గా విరగబోతోంది. దాన్ని మా అపార్ట్‌మెంటు గ్రూపులో పెడితే హృదయాలూ చప్పట్లూ వరసగా వచ్చాయి. అవన్నీ కాటుక మీద ఉన్న ప్రేమకు వచ్చినవని, ఫొటోకు వచ్చినవి కావని చెప్పినవారు ఒక్క మా పైఅంతస్తు మాస్టారే. ఆయన ఒకప్పుడు పూర్ణామార్కెట్ వైపు ఒక స్టూడియోలో డార్క్‌రూమ్ పని చేశారు. మెట్ల దగ్గర కనబడి, "ఏటమ్మా, సముద్రాన్ని తీశావా, కుక్కని తీశావా? దాని కళ్ళేవీ?" అని అడిగారు.

బ్రైట్‌నెస్ మొత్తంగా పెంచితే కళ్ళు కొంత కనబడ్డాయి గాని, అల కాస్తా తెల్లకాగితమైపోయింది, కాటుక బొగ్గు రంగు నుంచి బూడిద రంగుకు వచ్చింది. మాస్టారు దాన్ని చూసి తమ కాలంలో ఈ పని ఎలా చేసేవారో చెప్పారు. నెగటివ్‌లోని బొమ్మను పెద్దదిగా చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద వెలుగు పడుతుండగా, చిన్న అట్టముక్కను సన్నటి తీగ చివర కట్టి, మొహం ఉన్నచోట కొన్ని క్షణాలపాటు కదుపుతూ అడ్డు పెట్టేవారట. తక్కువ వెలుగు తగిలిన చోటు ప్రింటులో తేలికపడుతుంది, తక్కిన ఫొటో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అట్టను కదలకుండా పట్టుకుంటే దాని అంచు గీతలా పడిపోతుంది కాబట్టి చెయ్యి ఆడుతూనే ఉండాలట. "ఆ అట్టముక్క పని చేసేది నీ ఫోన్‌లో ఏదైనా ఉందేమో చూడమ్మా" అన్నారు. వెతగ్గా వెతగ్గా మేమిద్దరం చేరుకున్నది సెలెక్టివ్ దగ్గరికి.

వాడే తీరు ఇలా ఉంటుంది. మొహం మీద, రెండు కళ్ళకు మధ్య వేలితో తాకితే ఒక పాయింటు పడుతుంది. రెండు వేళ్ళను దగ్గరికీ దూరానికీ జరిపితే దాని వ్యాప్తి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఏయే భాగానికి వెలుగు తగలబోతోందో ఆ సమయంలో ఎర్రగా చూపిస్తుంది. అసలు గొప్పతనం అక్కడే ఉంది. ఆ వలయంలో ఉన్నదంతా అది పట్టుకోదు, మనం తాకిన చోటి రంగుకు దగ్గరగా ఉన్న రంగులనే పట్టుకుంటుంది. కాటుక చెంప పక్కనే ఉన్న నీలిసముద్రానికి ఎరుపు అంటలేదు, బొచ్చు అంచు వెంట వెంట్రుక వెంట్రుకగా ఆగిపోయింది. ఆపైన వేలును నిలువుగా జరిపి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, సాచురేషన్ (రంగుల గాఢత), స్ట్రక్చర్ (సన్నటి వివరాల స్పష్టత) అనేవాటిలో ఒకదాన్ని ఎంచుకుని, అడ్డంగా జరిపి పెంచుకోవడమే. వెలుగు పెంచినంత మేరా నలుపు పాలిపోతుంది కాబట్టి వెంటనే కాంట్రాస్ట్ కూడా కొంత పెంచాలి. అల మీద మరో పాయింటు పెట్టి దానికి ఏ మార్పూ చేయకుండా వదిలేస్తే, పక్క పాయింటు ప్రభావం అటు పారకుండా కాపలా కాస్తుంది. ఈ చివరి కిటుకు తెలిశాక నా పని సగం తగ్గింది.

పాయింట్లు పెట్టి దిద్దే ఈ పద్ధతి నిక్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ కంప్యూటర్ మీద ఫొటోలు దిద్దేవారి కోసం తయారుచేసినది. అదే సంస్థ 2011లో ఐప్యాడ్‌కు స్నాప్‌సీడ్‌ను తెచ్చింది, 2012లో గూగుల్ ఆ సంస్థను కొన్నది. డబ్బు పెట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌లోని పనితనం ఉచితంగా చేతికి రావడం వెనక ఉన్న కథ ఇది.

కళ్ళ మీద పెట్టిన పాయింట్లకు నేను బ్రైట్‌నెస్ 60 దాకా తీసుకెళ్తే మాస్టారు ఒప్పుకోలేదు. "బొమ్మకుక్క కన్నులాగుందమ్మా. ఈ రాత్రికి వదిలేసి రేపు పొద్దున చూడు, నీకే తెలుస్తాది" అన్నారు. మర్నాడు దాన్ని సగానికి తగ్గించాక ఆయన కాసేపు చూసి, తల వెనక దీపస్తంభం నిలబడిందన్నారు. అక్కర్లేనివాటిని చెరిపేసే హీలింగ్ అనే పనిముట్టుతో ఆకాశంలో ఉన్న స్తంభం ఇట్టే పోయింది గాని, అది చెవిని తాకుతున్న చోట మరక మిగిలింది. క్రాప్ చేసి బయటపడ్డాం. ఇంత జరిగినా ముందు పెట్టిన సెలెక్టివ్ మార్పులు మళ్ళీ చేయవలసిన పని రాలేదు, ఎందుకంటే చేసిన మార్పులన్నిటినీ యాప్ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచుతుంది, ఏ మెట్టునైనా తెరిచి అంకె మార్చుకోవచ్చు. ఒకరి సలహా విని దిద్దుకునేవారికి ఈ సదుపాయం విలువ బాగా తెలుస్తుంది.

ఇక చెవి చీలిక సంగతి. ఒక దీపావళి రాత్రి టపాకాయల మోతకు బెదిరి కాటుక గేటు దూకి పారిపోయింది. మా తమ్ముడు కంగారులో ఒక ఫొటో తీసుకుని, ఒక్క మీట నొక్కితే అంతా అందంగా మార్చేసే మరో యాప్‌లో వేసి, దాన్ని 'కనబడుటలేదు' అన్న ప్రకటనతో గ్రూపులన్నిటిలో తిప్పాడు. ఆ యాప్ పేరు చెప్పను. ఫొటో మాత్రం చూడడానికి ఎంతో బాగుంది. మసకగా ఉన్న బొచ్చు స్పష్టమైంది, కళ్ళలో మెరుపు వచ్చింది, లేని మీసాలు రెండు మూడు మొలిచాయి. లాసన్స్ బే కాలనీ వైపు టీకొట్టు నడిపే ఆయనకు ఆ ప్రకటన పొద్దున్నే అందింది, పెదజాలారిపేట దగ్గర ఇసుకలోకి లాగిన పడవల నీడలో ముడుచుకుని పడుకున్న నల్లకుక్కను ఆయన అప్పటికే చూసి ఉన్నారు కూడా. అయినా ఫోన్ చేయలేదు. మధ్యాహ్నం మేము వెతుక్కుంటూ అటు వెళ్ళి అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "చూశానండి. కానీ ఆ కుక్క చెవి చిరిగుంది, మీ ఫొటోలో కుక్కకి రెండు చెవులూ బాగానే ఉన్నాయి కదా, వేరేదనుకున్నాను." ఫోన్ తీసి పెద్దది చేసి చూస్తే, ఎడమ చెవి అంచు ఆకులా నున్నగా ఉంది. చీలికను లోపమనుకుని ఆ యాప్ పూడ్చేసింది.

కాటుక పడవల దగ్గరే దొరికింది, కాలి గోరు విరగడం తప్ప మరే దెబ్బా లేదు. కాని సెలెక్టివ్ మీద నాకున్న ఇష్టం గట్టిపడింది ఆ రోజే. అది ఉన్న బొచ్చుకు వెలుగు ఇస్తుంది గాని లేని బొచ్చును గీయదు. అది దిద్దిన ఫొటోలో చెవి చీలిక మరింత స్పష్టంగా కనబడుతుంది. అయితే న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజు ప్రకటనకు ఏమీ దిద్దని మామూలు ఫొటో పెట్టినా సరిపోయేది.

పైన చేసిన పొగడ్తకు సర్దుబాట్లు మరికొన్ని ఉన్నాయి. రంగును బట్టి పట్టుకుంటుంది కాబట్టి, కొత్తగా వేసిన తారురోడ్డు మీదో నల్లటి బండి సీటు పక్కనో కాటుక కూర్చుంటే కుక్క ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు. రోడ్డు కూడా వెలిగిపోతుంది. అటువంటప్పుడు బ్రష్‌తో చేత్తో పూసుకోవడమే మేలు. ఒక విడతలో ఎనిమిది పాయింట్లే పెట్టవచ్చు, ఒక్క కుక్కకు అవి చాలు. మరీ చీకటిగా పడిన చోట వెలుగు పెంచితే బొచ్చులో రంగు రంగుల రవ్వలు తేలతాయి, అది ఫొటోలోనే సమాచారం లేకపోవడం వల్ల వచ్చేది. చిన్న తెరమీద అవి కనబడవు. పిట్టగోడ ఫొటోను ఫ్రేము కట్టించాలని 8×12 అంగుళాల ప్రింటు తీయించినప్పుడు గొంతు కింద అవి స్పష్టంగా బయటపడ్డాయి, ఫొటో మొత్తంగా కూడా ఒక పాలు నల్లగా వచ్చింది. తెర తానే వెలుగుతుంది, కాగితం తన మీద పడిన వెలుగునే వెనక్కి పంపుతుంది, కాబట్టి ప్రింటుకు ఇచ్చే కాపీలో నీడలను మరికాస్త తేల్చాలని మాస్టారు చెప్పారు. ఆ తరవాతి ప్రింటు బాగానే వచ్చింది.

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలలో కుక్కకళ్ళు పచ్చగా మెరవడం అందరూ చూసేదే. రెటీనా వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉండడం దానికి కారణం, మనుషుల ఎర్రకళ్ళను సరిచేసే మీటలు దానికి పనికిరావు. కంటి మీద పాయింటు పెట్టి సాచురేషన్ పూర్తిగా తీసేసి, బ్రైట్‌నెస్ తగ్గిస్తే మెరుపు అణుగుతుంది. కన్ను మాత్రం కన్నులా ఉండదు. కిటికీ పక్కకు తీసుకెళ్ళి ఫ్లాష్ లేకుండా మళ్ళీ తీయడమే సులభం. ఫోకస్ ముక్కు మీద పడి కళ్ళు మసకబారిన ఫొటోను కూడా సెలెక్టివ్ బాగుచేయలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది, దాన్ని దిద్దితే నలుపులో గళ్ళు తేలతాయి. మాకు తెలిసినవారి కుక్కల ఫొటోలు ఎవరైనా దిద్దమని పంపితే డాక్యుమెంటుగా పంపమని ఇప్పుడు ముందే అడుగుతున్నాను.

పైగా ఈ మధ్య సెలెక్టివ్‌ను నేను మునుపటంతగా తెరవడం లేదు. పొద్దున తీస్తే నేను సముద్రానికి వీపు పెట్టి, సూర్యుడి వెలుగు కాటుక మొహాన పడేలా నిలబడుతున్నాను. సాయంత్రమైతే పడమటి వైపున్న కొండలూ మేడల వెనక్కి సూర్యుడు దిగిపోయి బీచ్ అంతా మెత్తటి నీడలో ఉంటుంది, ఆ వెలుగులో నల్లటి బొచ్చు తీరుగా పడుతుంది. దాని కళ్ళ ఎత్తుకు కూర్చుని, కంటి మీద వేలు నొక్కి ఫోకస్ పట్టి, ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా కిందికి లాగి తీస్తే, తరవాత చేయవలసింది కళ్ళ దగ్గర పది, పదిహేను అంకెల వెలుగు మాత్రమే.

కాబట్టి నా తీర్పు నా ఇంటి పరిస్థితులకు కట్టుబడి ఉంది. కుక్క నల్లది, ఫోన్ మధ్యరకానిది, మొహమాటం లేకుండా తప్పు చెప్పే మనిషి పైఅంతస్తులోనే ఉన్నారు. మీ కుక్క గోధుమరంగుదైతే ఈ పనిముట్టు అవసరం మీకు పెద్దగా పడకపోవచ్చు. తెల్ల పామరేనియన్ ఉన్న మా ఎదురింటివారు దీన్నే తిరగేసి, బ్రైట్‌నెస్ తగ్గించి స్ట్రక్చర్ పెంచి వాడుతున్నారు, వారికి ఫలితం ఒకరోజు బాగుంటోంది, ఒకరోజు ఉండడం లేదు. డబ్బు తీసుకుని పెంపుడు జంతువుల ఫొటోలు తీసేవారు పెద్దతెర మీద, కెమెరా పట్టిన సమాచారాన్నంతా కుదించకుండా దాచే రా ఫైళ్ళతో పని చేసుకోవడమే మంచిది. నాకైతే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా డబ్బు కట్టవలసిన అవసరం ఇప్పటిదాకా కనబడలేదు. తమ్ముడు కొంటానంటున్న కొత్త ఫోన్ నలుపును నలుపుగానే తీయగలిగితే, సెలెక్టివ్ అవసరం కూడా తగ్గుతుందేమో చూడాలి.