ఇపో వెళ్తే గుహల గుళ్లకే పొద్దున్నంతా ఇవ్వండి

మలేషియాలోని ఇపో గురించి వచ్చే వీడియోలన్నీ కాంకుబైన్ లేన్ చుట్టూనే తిరుగుతాయి. శని, ఆదివారాల్లో ఆ సందులో అడుగు తీసి అడుగు వేయలేం. అమ్మేవేమో ఎక్కడైనా దొరికే బొమ్మలు. దానికి పావుగంట చాలు. ఊరి అసలు అందం చుట్టూ ఉన్న సున్నపురాయి కొండల్లో, వాటి గుహల్లో వెలసిన చైనీయుల గుళ్లలో ఉంది.

ముందుగా చూడాల్సింది దక్షిణాన గునుంగ్ రపాట్ దగ్గరున్న కెక్ లోక్ తోంగ్. ప్రవేశ రుసుము లేదు. రైల్వే స్టేషన్ నుంచి గ్రాబ్ (ఫోన్ యాప్‌లో పిలిచే టాక్సీ) కారుకు 10 రింగిట్లు (మలేషియా డబ్బు), కాస్త అటూ ఇటూ. చాలామంది విగ్రహాల దగ్గర ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు, అక్కడే పొరపాటు. నేరుగా గుహ అవతలి చివరకు నడవండి. అక్కడ చెరువు, తోట, చుట్టూ నిట్టనిలువు కొండలు కనిపిస్తాయి. అరికాళ్లకు ఒత్తిడి తగిలేలా గులకరాళ్లు పరిచిన బాట కూడా ఉంది. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే నడకకు వచ్చే ఊరివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పెద్దవాళ్లు హాయిగా తిరగగల చోటు ఇదే. దగ్గర్లోనే సామ్ పో తోంగ్ ఉంది, తాబేళ్ల కొలను కోసం పిల్లలు అక్కడ అలవోకగా గంట గడిపేస్తారు.

పెరాక్ తోంగ్ ఊరికి ఉత్తరాన ఉంది. 1926లో మొదలైన గుడి. గోడల మీది చిత్రాలు బాగుంటాయి. వెనక నుంచి కొండపైకి నాలుగు వందలకు పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఆగడం మంచిది, వాన పడితే ఎవరూ ఎక్కొద్దు.

బస విషయంలోనే ఒళ్లు మండింది. పాత దుకాణపు ఇళ్లను హోటళ్లుగా మార్చినవి ఇక్కడ చాలా ఉన్నాయి. అవి ముందు ఇరుకుగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి కాబట్టి మధ్య గదులకు కిటికీ ఉండదు. బుకింగ్ యాప్‌లో ఫోటో మాత్రం వీధి వైపు గదిది పెడతారు. మాకిచ్చిన గదిలో తలుపు మూస్తే పగలూ రాత్రీ ఒకటే, పైగా చెమ్మ వాసన. లిఫ్ట్ లేదు, ఆ నిటారు చెక్కమెట్ల మీద పెట్టెలు మోసేసరికి అత్తయ్య సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. బుక్ చేసే ముందే "బయటికి తెరుచుకునే కిటికీ ఉందా, లిఫ్ట్ ఉందా" అని మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను కూడా ఉంది, చాలాచోట్ల దాన్ని కౌంటర్ దగ్గర విడిగా వసూలు చేస్తారు. ఊరి మధ్య పారే కింటా నదికి ఇటు పాత ఊరు చీకటి పడితే నిద్రపోతుంది. రాత్రి తిండి కావాలంటే అటు కొత్త ఊళ్లోనే గది తీసుకోండి.

కౌలాలంపూర్ నుంచి ఈటీఎస్ అనే వేగపు రైలెక్కండి, రెండున్నర గంటల ప్రయాణం. 1917 నాటి తెల్లటి స్టేషన్‌లో, పాత ఊరి గుమ్మంలోనే దిగుతారు. బస్సులు చాలావరకు అమన్‌జయా టెర్మినల్‌లో దింపుతాయి, అది ఊరికి దూరం. అక్కడి నుంచి గ్రాబ్‌కు మరో 15-20 రింగిట్లు. సెలవుల్లో రైలు టికెట్లు ముందే అయిపోతాయి, ఇంటి దగ్గరే కొనుక్కోండి.

శాకాహారులు జాగ్రత్త. ఇక్కడి పేరుమోసిన హోర్ ఫన్ నూడుల్స్ పులుసు కోడి, రొయ్యలతో కాచింది. ముక్కలు తీసేయమంటే సరిపోదు. హెయోంగ్ పియా బిస్కెట్లలో పందికొవ్వు వాడే అలవాటుంది, అడగకుండా కొనొద్దు. సోయాపాలతో చేసే మెత్తని తౌ ఫు ఫా నిశ్చింతగా తినొచ్చు. లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరుకుతుంది, తమిళం వస్తే పని ఇంకా సులువు. వైట్ కాఫీకి గింజలను మార్గరిన్‌తో వేయించి, చిక్కటి తీపిపాలు కలుపుతారు. తీపి తగ్గించాలంటే "కురాంగ్ మానిస్" అనండి.

బతు గజాలోని కెల్లీస్ కాజిల్‌కు సగం పూట కేటాయించండి. 1926లో యజమాని అయిన తెల్లదొర చనిపోవడంతో ఆగిపోయిన భవనం అది, ఇటుకలు ఇండియా నుంచి, పనివాళ్లు మద్రాసు నుంచి వచ్చారు. దగ్గర్లోని మారియమ్మన్ గుడి గోపురం మీద ఆ దొర బొమ్మ ఉంది, వెతికి చూడండి. వెళ్లడానికి గ్రాబ్ తేలిగ్గా దొరుకుతుంది, తిరిగి రావడానికే దొరకదు. వెళ్లిన డ్రైవర్‌నే వెయిటింగ్‌కు ఇంత అని ముందే మాట్లాడుకుని ఆపుకోండి.